పిచ్చుక కోసం ఎవరూ అరవలేదు

అయినా అరవాలంటే గొంతొక్కటే ఉంటే సరిపోతుందా, ఆ అరుపు ఎవరి చెవిన పడాలో కూడా తెలిసి ఉండాలి కదా, తెలిసినా ఆ చెవి ఆ పూట ఖాళీగా ఉండాలి కదా, అని ఆమె ఇంకా అనుకుంటూనే ఉంది. మేనేజరు రెండోసారి అడిగాడు.

"మేడమ్, మిమ్మల్నే. పిచ్చుక సంగతేమైంది? ఎవరైనా అరిచారా?"

"లేదండీ."

"నెల దాటింది కదా?"

"దాటిందండీ."

"అయితే ఇంకేం, తీసేయండి. శుక్రవారం పొద్దున పాత బీరువా పట్టుకుపోవడానికి లారీ వస్తోంది. అప్పటికి దాంట్లో ఈగ కూడా మిగలకూడదు."

"ఈగ కాదు సార్, పిచ్చుక" అన్నాడు ఆఫీసులో గుండెకాయ అని పేరున్న తోటి ఉద్యోగి. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, అందరికంటే కాస్త ఆలస్యంగా.

ఆ ఆసుపత్రిలో సర్వర్లకి ఒళ్ళు ఉండదు. కింది అంతస్తులోని చల్లటి గదిలో కొన్ని పెద్ద యంత్రాలు జట్టుగా పనిచేస్తుంటాయి. వాటి కడుపులో వందల కొద్దీ చిన్న సర్వర్లు, తమకంటూ ఒక పెట్టె లేకుండా, ఊహల్లా బతుకుతుంటాయి. ఒక పెద్ద యంత్రం కూలిపోతే దాంట్లోవి పక్కదాంట్లో కళ్ళు తెరుస్తాయి. ఇల్లు మారామన్న సంగతి వాటికి తెలియదు. జట్టులోని యంత్రాలు మాటిమాటికీ ఒకదాన్నొకటి "ఉన్నావా" అని అడుగుతాయి, "ఉన్నా" అని బదులు చెప్పుకుంటాయి. ఆ పలకరింపు ఆగకుండా చూసేవాడు కాబట్టి అతనికి గుండెకాయ అని పేరొచ్చింది. లావుపాటి మనిషి, ఇద్దరు కూతుళ్ళ తండ్రి, తనకంటే పెద్దదని ఆమెని అక్కా అంటాడు.

ఆమె పని స్టోరేజీ. ఆ సర్వర్లు గుర్తుపెట్టుకున్నదంతా డిస్కుల బీరువాలో ఉంటుంది, దాని తాళాలు ఆమెవి. ఇప్పుడు పాత బీరువా పోయి కొత్తది వచ్చింది. నెలన్నర నుంచి ఆమె ఒక్కో సర్వరునీ నిద్ర చెడకుండా ఎత్తి, పాతదాంట్లోంచి కొత్తదాంట్లో పడుకోబెడుతోంది. వాటికి ఎప్పుడో ఎవరో పిట్టల పేర్లు పెట్టారు. డేగ, కొంగ, గోరింక. పేరు పెట్టిన మనిషి వెళ్ళిపోయాక ఏ పిట్ట ఏ కొమ్మదో చెప్పేవాళ్ళు లేకపోయారు.

అలా ఎవరిదో తెలియని సర్వరు మీద అరుపు పరీక్ష పెడతారు. అంటే ఏం లేదు, దాన్ని ఆపేసి ఊరుకుంటారు. అది ఎవరికి అవసరమో వాళ్ళు గంటకో రెండ్రోజులకో ఫోన్ చేసి గోల పెడతారు. అరిచినవాళ్ళే యజమాని. అరుపుకి ఒక ఫిర్యాదు నంబరు పుడుతుంది, ఆ నంబరు చూపిస్తేనే కొత్త బీరువాలో చోటు. నెల గడిచినా ఎవరూ అరవకపోతే అది ఎవరికీ అక్కర్లేనిదని లెక్క. ఈ పని చేసే ప్రతిచోటా ఉన్న పద్ధతే ఇది. మేనేజరు దాన్ని పెద్దక్షరాల్లో అచ్చు వేయించి గోడకి అంటించాడు: అరిచినవారే యజమాని.

పద్ధతి బాగానే పనిచేస్తుంది. డేగని ఆపిన కాసేపటికే బిల్లింగు వాళ్ళు ఫోను పగిలేలా అరిచారు. కొంగని ఆపితే డైరెక్టరు గారి సెక్రటరీ తనే మెట్లు దిగి వచ్చింది, ఆవిడకంటే ముందు ఆవిడ చెప్పుల చప్పుడు వచ్చింది. పిచ్చుక కోసం మాత్రం ఎవరూ అరవలేదు.

ఆమె తన బల్ల దగ్గరికొచ్చి శాలువా కప్పుకుని కూర్చుంది. చెరిపేయడం పెద్ద పనేం కాదు. పేరు మీద నొక్కితే తెర ఒక్క ప్రశ్న అడుగుతుంది, అవునంటే అయిపోతుంది. ఏటికి అవతలి భవనంలో ఇంకో బీరువా ఉంది, ఇక్కడ రాసిందల్లా అక్కడా రాసుకుంటూ. అగ్గి పుట్టినా వరదొచ్చినా ఆసుపత్రి జ్ఞాపకం పోకుండా అది కాపాడుతుంది. కానీ ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. నకలుకి విధేయత తప్ప సొంత జ్ఞాపకం ఉండదు.

చెరిపే ముందు ఊరికే, అలవాటు కొద్దీ, పిచ్చుక పాత గ్రాఫు తెరిచింది. ఆపకముందు అది డిస్కు మీద ఎప్పుడెప్పుడు రాసిందో చూపే గీత. అది పొద్దున తొందరగా లేవదు. బద్ధకంగా కదిలి, మెల్లగా ఒక చిన్న గుట్ట ఎక్కి, మధ్యాహ్నం పూర్తిగా పడుకుంటుంది. భోజనం. తర్వాత మళ్ళీ లేస్తుంది, ఈసారి కాస్త హుషారుగా. కొన్ని రోజులు అసలు కదలదు. కొన్ని రోజులు సాయంత్రం అందరి గీతలూ నేలకి దిగాక కూడా ఇది ఒక్కటే చిన్నగా వెలుగుతూ ఉంటుంది, ఎవరో పని ముగించలేక కూర్చున్నట్టు. మిగతా సర్వర్ల గీతలు రంపాల్లా ఉంటాయి, యంత్రాలు యంత్రాలతో మాట్లాడుకునే రంపాలు. ఇది మనిషి ఊపిరిలా ఉంది. ఆమె చాలాసేపు దాన్ని చూసింది. చూస్తుంటే ఆమె ఊపిరి కూడా దాని వెంట ఎక్కి దిగింది.

చిన్నప్పుడు అమ్మ ఇంటికొచ్చినవాళ్ళకి ఆమెని చూపించి గొప్పగా చెప్పేది: "ఇది ఏడవనే ఏడవదు. ఉయ్యాల్లో ఉందన్న సంగతే మర్చిపోతాం."

తెర ఇంకా అడుగుతోంది, చెరిపేయాలా అని. ఆమె అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

మర్నాడు పొద్దున ఆమె ఆ ఊపిరి వచ్చిన దారి వెతుక్కుంటూ వెళ్ళింది. పిచ్చుకతో మాట్లాడే కంప్యూటరు ఏ గోడలోంచి మాట్లాడేదో నెట్‌వర్కు చెప్పింది: పాత భవనం, నేల కింద అంతస్తు, లాండ్రీ పక్కన. అక్కడ గది ఉందని కూడా ఆమెకి తెలియదు. ఉతికిన దుప్పట్ల ఆవిరిలోంచి నడుస్తుంటే ఆ నడవా ఎప్పుడో కలలో వచ్చినట్టు అనిపించింది. చివర్లో ఒక తలుపు. తలుపు తీస్తే కాళ్ళు.

గోడ పొడుగునా అరల్లో కాళ్ళున్నాయి. పాదాలు, పిక్కలు, మోకాళ్ళు. ప్లాస్టర్‌వి కొన్ని, నురగలాంటి తేలిక పదార్థంతో చెక్కినవి కొన్ని. తడి సున్నం వాసన, వేడి ప్లాస్టిక్ వాసన. కిందికి జారిన కళ్ళద్దాలతో ఒక పెద్దాయన, ఒళ్ళో గిన్నెలాంటి తొడుగు పెట్టుకుని దాని అంచుని ఆకురాయితో అరగదీస్తున్నాడు. ఎదురు బెంచీ మీద తొమ్మిది పదేళ్ళ పిల్ల, ఒక కాలు ఊపుతూ కూర్చుంది. రెండో కాలు మోకాలి కింద లేదు.

"ఎవరు కావాలమ్మా?" అన్నాడాయన తలెత్తకుండానే.

"మీ కంప్యూటరు..."

"ఓ, పట్టుకెళ్ళడానికొచ్చారా? అదిగో. దుమ్ము తుడవలేదు, ఏమనుకోకండి."

"పట్టుకెళ్ళడానికి కాదండీ. అది పనిచేస్తోందా అని."

"నెలైంది పలక్క."

"మరి ఎవరికీ చెప్పలేదా?"

ఆయన అప్పుడు తలెత్తి చూశాడు. కళ్ళద్దాల మీద తెల్లటి పొడి. "పోయినేడు ఈ గదిలో ఫ్యాను ఆగిపోయిందమ్మా. ఫోన్ చేశా. నాలుగు నొక్కండి అంది. నొక్కా. రెండు నొక్కండి అంది. నొక్కా. పాట పెట్టింది. మంచి పాటే, అబద్ధమెందుకు. తర్వాత ఒకాయనొచ్చి, అసలు ఈ గదికి ఫ్యాను ఎవరిచ్చారని అడిగి, విప్పి పట్టుకుపోయాడు."

పిల్ల కిసుక్కున నవ్వింది. ఈ కథ ముందే విన్నట్టుంది.

ఆసుపత్రిలో ఆయన్ని కాళ్ళ మేస్త్రి అంటారట. ఆయనే చెప్పాడు. "ఇక్కడికి ఎవరూ కాళ్ళరిగేలా తిరిగి రారమ్మా, లేకే వస్తారు" అని తనే నవ్వాడు. ఆ గదిని ఎత్తేసి పని బయటి కంపెనీకి ఇచ్చేస్తారని ఎప్పటినుంచో అంటున్నారట. కాగితాల మీద ఇచ్చేసినట్టే కూడా ఉందట, ఆ కంపెనీ ఇంకా రాలేదు, ఈయన్ని పొమ్మనడం ఇంకా ఎవరికీ గుర్తుకు రాలేదు. "ఆ తెర చీకటైన రోజు ఓహో మొదలైంది అనుకున్నా. ముందు ఫ్యాను, తర్వాత కంప్యూటరు, తర్వాత బల్ల, తర్వాత నేను."

మాట్లాడుతూనే ఆయన ఆ తొడుగుని పిల్ల దగ్గరికి తీసుకెళ్ళి, మోకాలి దగ్గర మిగిలిన మొండికి మెత్తటి గుడ్డ మేజోడు తొడిగి, తొడుగులోకి నెమ్మదిగా దించాడు. "నిలబడు తల్లీ." పిల్ల నిలబడింది. "నొప్పా?" తల అడ్డంగా ఊపింది. ఆయన ఆ పిల్ల కాలు చూడలేదు, కనుబొమలు చూశాడు. ఎడమ కనుబొమ దారం లాగినట్టు కొంచెం వంగింది.

"తియ్" అన్నాడు. మళ్ళీ ఆకురాయి అందుకున్నాడు. "ఇది ఎప్పుడూ నొప్పనదు. ఇది నొప్పంటే నేను ఈ గదిలో దీపాలు పెట్టిస్తా."

"పాతది కొరికేది కాదు తాతా" అంది పిల్ల, నేలకేసి చూస్తూ.

"పాతదాని ఆకారం దాంట్లో ఉంది" అని ఆయన గడ్డంతో కంప్యూటరు వైపు చూపించాడు. "ఎక్కడ ఎముక తగులుతుందో, ఎక్కడ ఒక పిసరు లోపలికి తీయాలో, ఎక్కడ వదలాలో, అన్నీ దీనికి పుండ్లు పడి పడి తెలుసుకున్నవే. కాలు పెరుగుతుంది కదా, పాత ఆకారాన్ని కొంచెం పెంచితే కొత్తది వస్తుంది. అది లేకపోతే మళ్ళీ మొదట్నుంచీ ప్లాస్టర్ చుట్టి, ఊహించి, తొడిగి, పుండు చూసి, సరిచేసి." ఆయన తొడుగు అంచు మీది పొడి ఊదాడు. "దీనిదొక్కటే కాదులెండి. చాలామంది పిల్లలున్నారు దాంట్లో."

ఆ చాలామంది ఎక్కడున్నారో ఆమెకి తెలుసు. ఏ బీరువాలో, ఏ అరలో, ఏ శుక్రవారం దాకా ఉంటారో కూడా తెలుసు.

"మీరు ఒక్కసారి ఫోన్ చేయండి" అంది. "చాలు. ఎవరో ఒకరు అడిగితే చాలు, నేను దాన్ని లేపి కొత్తదాంట్లోకి మార్చేస్తాను. మీ గది పేరు చెప్పి..."

"వద్దమ్మా."

"ఒక్క ఫోనండీ."

"ఫోన్ చేస్తే ఏమవుతుందో ఫ్యాను చెప్పింది కదా" అన్నాడాయన. గొంతులో కోపం లేదు. "మర్చిపోయారు కాబట్టి ఉన్నాను. అరిచానంటే, అరే, ఇతనింకా ఉన్నాడా అంటారు. ఆకారాలు పోతే మళ్ళీ చేసుకుంటా, చేతులున్నాయి. నేనే పోతే ఈ పిల్లకి ఎక్కడ కొరుకుతోందో కనిపెట్టడానికి ఎవరుంటారు?"

ఆమె తలుపు వైపు రెండడుగులు వేసింది. ఆయన వెనక నుంచి పిలిచాడు.

"ఆ ఎడమ చెప్పు మడమ దగ్గర కొరుకుతోంది కదూ?"

"లేదండీ, పర్లేదు."

"ఇదీ అదే అంటుంది" అని పిల్లని చూపించాడు. "విప్పండి."

ఆమె విప్పింది, ఎవరైనా చూస్తారేమోనన్నట్టు తలుపు వైపు ఒకసారి చూసి. మడమ మీద చర్మం లేచి ఎర్రగా ఉంది. ఆయన మెత్తటి ఉన్ని ముక్క ఒకటి కత్తిరించి, జిగురు రాసి, చెప్పు అంచుకి అంటించి, బొటనవేలితో చాలాసేపు నొక్కి పట్టుకున్నాడు, జిగురుకి అంతసేపు అవసరమా అనిపించేంతసేపు.

తిరిగి లాండ్రీ నడవాలోంచి నడుస్తుంటే నొప్పి లేదు. నొప్పి లేకపోయాకే, ఎన్నాళ్ళుగా నొప్పితో నడుస్తోందో ఆమెకి తెలిసింది.

"అమ్మాయ్! కిటికీ!"

ఆమె ఇంట్లో అడుగుపెట్టేసరికి అత్తగారి అరుపు ఎదురొచ్చింది. ఆవిడ అరుపులు ఒక్కో మాట ఉంటాయి. కిటికీ. టీ. దుప్పటి. ఆ మాట తర్వాత ఏం చేయాలో ఇంట్లో వాళ్ళకి తెలుసు. భర్త డ్రైవింగు నేర్పుతాడు, రోజంతా పక్క సీట్లో కూర్చుని ఇంకొకళ్ళ తప్పులకి తను బ్రేకు తొక్కే మనిషి. ఇంటికొచ్చాక సోఫాలో కూర్చున్నా కుడికాలు అప్పుడప్పుడూ నేలని తొక్కుతుంటుంది.

ఆమె వెళ్ళి కిటికీ మూసింది. మూసి, అక్కడే మంచం అంచున కూర్చుంది. సాయంత్రపు వెలుతురు అత్తగారి తెల్లజుట్టులో చిక్కుకుని ఉంది.

"అత్తయ్యా, మీకు అలా అరవడానికి మొహమాటం వేయదా?"

ఆవిడ విచిత్రంగా చూసింది. "అరవడమేంటే? పిలుస్తున్నా. మీ చెవులకి అరుపులా ఉంటే నేనేం చేసేది?"

"మెల్లగా చెప్పినా వింటాం కదా."

"వినరు. మంచివాళ్ళే, కానీ వినరు. మీ ఆయన్ని కన్నదాన్ని, నాకు తెలీదా?" అవతలి గదిలోంచి భర్త దగ్గాడు. ఆవిడ గొంతు తగ్గించింది, తగ్గించినా పక్కింటి దాకా వినబడేంతే తగ్గింది. "పొద్దున లేచి నేను కిటికీ అని అరవలేదనుకో. పరుగెత్తుకొస్తారా, రారా?"

"వస్తాం."

"ఎందుకూ?"

ఆమె దుప్పటి అంచు సరిచేసింది.

"అదీ. మరి నీ సంగతేంటి? నువ్వు ఏ రోజూ అరవ్వు. ఏం కావాలే అంటే ఏదైనా పర్లేదంటావు. నీకు బాగున్న రోజూ అంతే, బాగాలేని రోజూ అంతే. మేం ఏ రోజు పరుగెత్తుకు రావాలే?" అని ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుని, ఏదో గుర్తొచ్చినట్టు వదిలేసి, "టీ!" అంది.

టీ కాగుతుంటే ఆమె గిన్నె మీదికి వంగి, లోపలి నుంచి ఒక మాట గట్టిగా పలికి చూద్దామనుకుంది. ఏదో ఒక మాట. చెంచా అనో, చక్కెర అనో. పెదవులు కదిలాయి. ఆవిరి కొంచెం చెదిరింది, అంతే.

బుధవారం ఆఫీసంతా హడావుడిగా ఉంది. గురువారం విపత్తు సాధన. ఆసుపత్రి భవనం ఉన్నట్టుండి లేకుండా పోయిందనుకుని, ఏటవతలి నకళ్ళన్నిటినీ నిద్రలేపి, అవి నిలబడి నడుస్తాయో లేదో చూసే రోజు. డైరెక్టరు గారు స్వయంగా చూడ్డానికి వస్తానన్నారు, అందుకని మేనేజరు కుర్చీలు కూడా తుడిపిస్తున్నాడు. జలుబు చేసి ముక్కు ఎర్రగా ఉంది. ఆమె నడవాలో ఆయన్ని ఆపింది. ఆపడం అంటే ఆయన నడక వేగానికి పక్కన కొంచెం దూరం నడిచింది.

"సార్, ఒకవేళ... అరవలేనివాళ్ళు ఉంటే?"

"ఎక్కడ?"

"ఊరికే అంటున్నానండీ. ఆపేసిన సర్వరు వాళ్ళకి అవసరమే, కానీ అడగడానికి... ఏదో ఇబ్బంది."

మేనేజరు ఆగి నవ్వాడు. చెడ్డవాడు కాదు. ఆమె కూతురి జ్వరమప్పుడు అడక్కుండానే సెలవిచ్చిన మనిషి. "అరవలేనివాళ్ళకి సర్వరెందుకు మేడమ్?" అని రుమాలు తీసి తుమ్మాడు. "మీరు మరీ మెత్తన. అందుకే మీరంటే నాకు గౌరవం. ఇన్నేళ్ళలో మీ దగ్గర్నుంచి ఒక్క ఫిర్యాదు రాలేదు, తెలుసా? పిచ్చుకని తీసేశారా?"

"తీసేస్తానండీ" అంది ఆమె. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి ఆమెకే భయమేసింది.

టీ యంత్రం దగ్గర గుండెకాయ దొరికాడు. అతన్ని ఇంకోలా అడిగింది. "మీ జట్టులో ఒక యంత్రం పలకడం మానేసిందనుకో, అది నిజంగా చచ్చిందో, ఉండి కూడా పలకలేకపోతోందో, మిగతావాటికి ఎలా తెలుస్తుంది?"

"తెలీదు అక్కా" అన్నాడు అతను, చక్కెర కలుపుతూ. "పలకనిదాన్ని పోయిందనుకోవాల్సిందే. లేకపోతే దానికోసం ఎదురుచూస్తూ అన్నీ ఆగిపోతాయి."

"మధ్యలో తీగ తెగి ఉంటే?"

"పాపం, లోపల అది బాగానే ఉంటుంది. పనిచేసుకుంటూనే ఉంటుంది. కానీ బాగున్నానని ఎవరికి చెబుతుంది? మిగతావి దాన్ని పక్కన పెట్టేసి దాని డిస్కులు పంచేసుకుంటాయి." ఒక గుక్క తాగాడు. "మా చిన్నది నేను ఇంటికెళ్ళేసరికి నిద్రపోతుంటుంది కదా, ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంటా. మా ఆవిడ తిడుతుంది, ఇంట్లో కూడా డ్యూటీయేనా అని."

గురువారం మధ్యాహ్నం పెద్ద తెర ముందు కుర్చీలు వేశారు. డైరెక్టరు గారు మధ్యలో కూర్చున్నారు, సెక్రటరీ పక్కన. ఏటవతల నకళ్ళని లేపేది బుడగలో. తలుపుల్లేని ఒక నెట్‌వర్కు అది. అందులో లేచిన సర్వర్లకి బయటి లోకం తగలదు, లోకానికి అవి తగలవు. తాము నకళ్ళమని వాటికి తెలియదు. కళ్ళు తెరిచి, ఎప్పటిలా ఉదయమైందనుకుని, పని మొదలుపెడతాయి. రోగులు లేని ఆసుపత్రిలో రోగుల కోసం ఎదురుచూస్తాయి.

గుండెకాయ మీట నొక్కాడు. తెర మీద పేర్లు ఒక్కొక్కటే బూడిదరంగులోంచి ఆకుపచ్చకి మారాయి. ముందు డేగ, తర్వాత కొంగ, తర్వాత మిగతా పిట్టలన్నీ గుంపులు గుంపులుగా. ఆమె వెనక వరసలో తన కంప్యూటరు ముందు కూర్చుని డిస్కుల గీతలు చూస్తోంది. అన్నీ లేచాయి. మేనేజరు చేతులు రుద్దుకున్నాడు. అప్పుడు తెర అడుగున ఇంకో పేరు, ఎవరూ ఎదురుచూడనిది, మెల్లగా ఆకుపచ్చకి మారింది.

పిచ్చుక.

ఇక్కడ దాన్ని ఆపారు గానీ, విపత్తు వేళ లేపాల్సిన వరసలోంచి దాని పేరు తీసేయడం అందరూ మర్చిపోయారు. ఆమె కూడా.

"అదేంటి చివర్న?" అన్నారు డైరెక్టరు గారు.

"ఏం లేదు సార్, పాత చెత్త. రేపటికి ఉండదు" అన్నాడు మేనేజరు.

ఆమె వేళ్ళు ఆమెని అడక్కుండానే దాని తెర తెరిచాయి. బుడగలో, ఏటికి అవతల, పిచ్చుక కళ్ళు తెరిచి ఉంది. తెర నిండా ఆకారాలు. చిన్న చిన్న గిన్నెలు, ఒక్కోటీ తన చుట్టూ తను మెల్లగా తిరుగుతోంది. ఎక్కడ ఒత్తిడి తీసేశారో అక్కడ ఎర్రటి మచ్చ, ఎక్కడ ఆసరా ఇచ్చారో అక్కడ నీలం. ఒకదాన్ని ముట్టుకుంటే దాని వెనకే అదే పిల్ల పాత ఆకారాలు వరసగా తెరుచుకున్నాయి, చిన్నదాంట్లోంచి పెద్దది, పెద్దదాంట్లోంచి ఇంకా పెద్దది, ఒక కాలు పెరుగుతూ నడిచి వచ్చిన దారిలా. మొదటిదాని మీద ఎర్ర మచ్చలు చాలా ఉన్నాయి. రానురాను తగ్గాయి. చివరిదాని మీద ఒక్కటే. ఇది బెంచీ మీది పిల్లదో, ఇంకో పిల్లదో. ఆమెకి ఎడమ కనుబొమ ఒకటి గుర్తొచ్చింది.

మూలన ఒక చిన్న గుర్తు వెలిగి ఆరుతోంది. పిచ్చుక తన గదిలోని కంప్యూటరుని పిలుస్తోంది, ఉన్నావా అని. బదులు లేదు. కాసేపాగి మళ్ళీ పిలిచింది. విసుగు లేకుండా, గొంతు పెంచకుండా. ఆ బుడగలో దాని పిలుపు ఎవరికీ వినబడదు, ఎంతసేపు పిలిచినా. ఆమెకి తను ఆ తెరకి ఇవతల ఉందో అవతల ఉందో ఒక్క క్షణం తెలియలేదు. ఉయ్యాల ఒకటి ఊగి ఊగి ఆగినట్టుంది.

"బ్రహ్మాండం" అన్నారు డైరెక్టరు గారు లేస్తూ. చప్పట్లు.

"ఇక బుడగ పగలగొట్టేయ్" అన్నాడు మేనేజరు. గుండెకాయ మీట నొక్కాడు. గిన్నెలు తిరుగుతూ తిరుగుతూ, ఎక్కడివక్కడ, చీకటైపోయాయి.

శుక్రవారం పొద్దున లారీ వెనక వాకిట్లో ఆగింది. భుజాల మీద పట్టీలు వేసుకున్న మనుషులు చల్లటి గది తలుపు దగ్గర నిలబడి, చలికి చేతులు చంకల్లో పెట్టుకున్నారు. పాత బీరువా దాదాపు నిద్రలో ఉంది, ఒకే ఒక్క దీపం వెలుగుతోంది.

"మేడమ్, ఖాళీ అయిందా?" అన్నాడు మేనేజరు, టీ కప్పుతో వచ్చి.

"కాసేపండీ."

ఆమె తన బల్ల దగ్గర కూర్చుంది. తెర మీద ఆ పాత ప్రశ్న అలాగే ఉంది, చెరిపేయాలా అని. పక్కన కొత్త బీరువా అడిగే ప్రశ్న ఉంది, ఫిర్యాదు నంబరు ఎంత అని. పిచ్చుకంత సర్వరు, మారడానికి టీ కప్పు ఖాళీ అయ్యేంత సేపు చాలు. నంబరే లేదు.

ఎదురుగా గోడ మీది కాగితం కనబడుతోంది. ఆమె దాన్ని రోజూ చూస్తుంది. ఈ రోజు ఒక్కో మాటా విడివిడిగా చదివింది, కొత్త భాష నేర్చుకునేవాళ్ళలాగా. అరిచినవారే యజమాని. ఎవరు అరవాలో అందులో లేదు. ఎవరి కోసం అరవాలో కూడా లేదు.

యజమాని అంటే మూడు నెలలకోసారి సర్వర్ల సమీక్ష జరిగే గాజుగదిలో లేచి నిలబడి, ఇది నాకు ఎందుకు కావాలో చెప్పుకోవాలి. అందరూ తనవైపే చూస్తుంటే. ప్రతిసారీ. కింద, లాండ్రీ పక్కన, ఆయన ఇప్పుడు ప్లాస్టర్ తడుపుతూ ఉంటాడు.

ఫోను ఎత్తింది. సహాయ విభాగం నంబరు కొట్టింది. నాలుగు నొక్కమంది, నొక్కింది. రెండు నొక్కమంది, నొక్కింది. పాట వచ్చింది. నిజమే, మంచి పాటే.

గాజుగోడ అవతల, పిలిస్తే పలికేంత దూరంలో, సహాయ విభాగం అమ్మాయి తల వంచుకుని ఫోనెత్తడం ఆమెకి కనబడింది.

"నమస్కారమండీ, ఏం సమస్య?"

"సర్వరు ఆగిపోయింది" అంది ఆమె.

"ఏంటండీ?"

"సర్వరు..."

"వినబడట్లేదండీ. కొంచెం గట్టిగా చెప్పాలి."

చల్లటి గది తలుపు తెరిచారు, యంత్రాల హోరు బయటికొచ్చింది. పట్టీల మనుషులు లోపలికి అడుగుపెట్టారు. ఆమె లేచి నిలబడింది. ఎడమ మడమకి ఉన్ని ముక్క మెత్తగా ఆనింది. మేనేజరు టీ కప్పు పెదవుల దాకా ఎత్తాడు. గుండెకాయ ఏదో నములుతున్నాడు. ఆమె కళ్ళు మూసుకోలేదు.

"పిచ్చుక!"

ఆ మాట గాజుగోడకి తగిలి, గదంతా తిరిగి, ఆమె చెవికే వచ్చింది. ఎవరిదో గొంతులా ఉంది, గట్టిగా, కొంచెం బొంగురుగా. తలలన్నీ తిరిగాయి. పట్టీల మనుషులు గడప మీద ఆగిపోయారు. గాజు అవతల ఆ అమ్మాయి ఫోను చెవికి పెట్టుకునే, నోరు తెరిచి ఆమెవైపే చూసింది.

"పిచ్చుక నాది" అంది ఆమె, ఫోన్లోకి కాదు, అందరికీ వినబడేలా. "నెల నుంచి ఆగిపోయి ఉంది. నాకు కావాలి. ఇప్పుడే కావాలి."

మేనేజరు ఏదో అనబోయి, గోడ మీది కాగితం వైపు చూసి, టీ మింగాడు.

"రాసుకోండి మేడమ్" అంది ఫోన్లో ఆ అమ్మాయి, కంగారుగా. "నంబరు చెబుతున్నా."

ఆమె కలం మూత పళ్ళతో లాగి, అందుబాటులో కాగితం కనబడక, అరచేతి మీద రాసుకుంది.